గాలి తిని బతికే జాన్వర్‌కి ఇల్లు: ఊసరవెల్లి పింజరా తారీఖ్

డాలస్‌లో ఉండే మా ఆపా కొడుక్కి పన్నెండేళ్లు నిండాయి. పోయిన నెల వీడియో కాల్ చేసి, సలామ్ కూడా సరిగ్గా పూర్తి చేయకుండానే, "మామూ, అమ్మీ ఒప్పుకుంది, నాకు ఊసరవెల్లి వస్తోంది!" అన్నాడు. వెనక నుంచి మా దుల్హేభాయ్ గొంతు: "ఒక గాజు తొట్టి చూశాం మియా, బల్బు కూడా దాంతోనే ఇస్తారంట. చాలదా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. గాజు అనగానే నాకు రాయచోటి దగ్గర మా నానీమా ఇల్లు యాదికొచ్చింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. వర్షాలు పడి కంపచెట్లు పచ్చబడ్డ రోజులు. నేనూ మా ఖాలా కొడుకూ కలిసి తుమ్మకొమ్మ మీద ఒక ఊసరవెల్లిని పట్టుకున్నాం. పెద్ద గాజు సీసాలో వేసి, మూతకి మేకుతో నాలుగు చిల్లులు పొడిచి, దానికి ధూప్ కావాలని కిటికీలో పెట్టాం. చచ్చిన ఈగలు వేశాం, చిన్న మూతలో నీళ్లు పెట్టాం. ఈగలు ముట్టలేదు, నీళ్లు తాగలేదు. అడిగితే పెద్దవాళ్లు, "అది హవా తిని బతికే జాన్వర్, దానికేం కాదు" అన్నారు. మూడోరోజు పొద్దున సీసా అడుగున నల్లగా ముడుచుకుని పడి ఉంది. నానీమా కొట్టలేదు, తిట్టలేదు. సీసా చేతిలోకి తీసుకుని, "జబాన్ నై సో జాన్వర్ బోల్కే ఉస్కా హక్ నై క్యా రే?" అని మాత్రం అంది. (జబాన్ విషయంలో నానీమా పొరపడింది. ఒంటి పొడవు కంటే పొడవైన నాలుక ఉన్న జాన్వర్ అది! కానీ ఆమె అన్న మాట దాని గురించి కాదు కదా.)

పెద్దయ్యాక కితాబులు తిరగేస్తే తెలిసింది, ఆ తప్పు మా ఇద్దరు పిల్లలదే కాదని. అరిస్టాటిల్ కాలం నుంచి మొన్నమొన్నటిదాకా ఊసరవెల్లిని ఇంటికి తెచ్చుకున్న వాళ్లలో చాలామంది అదే చేశారు. రకరకాల ముల్కుల్లో, రకరకాల సీసాల్లో. అందుకే భాంజాకి ఏ సామాను కొనాలో చెప్పే ముందు ఈ తారీఖ్ చెప్పాలనిపించింది. వాడితోపాటు మీకూ.

ముందు పేర్ల సంగతి. మన ఇళ్లల్లో తొండనీ గిర్గిట్ అంటాం, ఊసరవెల్లినీ గిర్గిటే అంటాం. తెలుగు ఇక్కడ ఉర్దూ కంటే నయం. గోడల మీద తల ఊపుతూ గబగబా పరుగెత్తేది తొండ; కొమ్మ మీద ఒక్కో అడుగూ ఆలోచించి వేసేది ఊసరవెల్లి. ఫార్సీలో దాని పేరు ఆఫ్తాబ్‌పరస్త్, అంటే సూర్యుణ్ని కొలిచేది. అరబీలో హిర్బా. రంగులు మార్చడాన్ని చెప్పే "బూఖలమూన్" అనే మాట ఇంకోటి ఉంది. అది మొదట బట్ట పేరు. నాసిర్ ఖుస్రో తన సఫర్‌నామాలో, పదకొండో శతాబ్దపు మిస్ర్‌లోని తిన్నీస్ పట్నంలో నేసే ఆ బట్ట పొద్దును బట్టి రంగు మారుతుందని రాశాడు. తర్వాత ఆ మాట రంగులు మార్చే ప్రతిదానికీ అంటుకుంది. ఇప్పుడు ఇరాన్‌లో బూఖలమూన్ అంటే సీమకోడి. మన ఉర్దూలో మాత్రం రంగురంగుల దునియా అనే అర్థంలో ఇంకా బతికే ఉంది.

ఈ పేర్లలోనే సగం ఇల్మ్ ఉంది. రేగిస్తాన్‌లో తిరిగే బద్దూలు హిర్బాని రోజంతా చూసినవాళ్లు. పొద్దున చెట్టెక్కి సూర్యుడి వైపు తిరుగుతుంది, సూర్యుడు జరిగితే అదీ జరుగుతుంది అని గమనించారు. బస్రాలో పుట్టి పెరిగి 868లో కన్నుమూసిన అల్-జాహిజ్ తన కితాబుల్ హయవాన్‌లో దాని గురించి రాశాడు. ఖాహిరాలో 1405లో ఇంతెఖాల్ అయిన అద్దమీరీ, జంతువుల గురించిన తన పెద్ద కితాబులో హిర్బాకి వేరుగా చోటిచ్చాడు. జాగ్రత్తపరుడైన మనిషిని హిర్బాతో పోల్చే అరబీ సామెత కూడా ఉంది. ఇంకో కొమ్మ చేతికి చిక్కేదాకా పట్టుకున్న కొమ్మను వదలదు కాబట్టి. మనం రంగులు మార్చేవాణ్ని ఊసరవెల్లి అని తిడతాం. అరబ్బులు తొందరపడని వాణ్ని హిర్బా అని మెచ్చుకున్నారు. నాకైతే అరబ్బుల చూపే సరిగ్గా ఉందనిపిస్తుంది. వాళ్లు దాన్ని చెట్టు మీద చూశారు, పింజరాలో కాదు.

యూనానీల దగ్గరా మంచి చూపు ఉంది. అరిస్టాటిల్ దాని కళ్లు ఒక్కోటి ఒక్కో వైపు తిరగడం, పక్కటెముకలు, కాళ్ల వేళ్లు రెండు గుంపులుగా చీలి ఉండటం రాశాడు. కోసిన తర్వాత కూడా చాలాసేపు ఊపిరి ఆడుతుందని కూడా రాశాడు. ఆ ఒక్క మాట చదివినప్పుడు పేజీ మూసేశాను.

చిక్కు రోమన్ల దగ్గర మొదలైంది. మొదటి శతాబ్దంలో ప్లినీ, ఇది తినదు, తాగదు, గాలి మీదే బతుకుతుంది అని రాసేశాడు. ఇంత పెద్ద మాట ఎలా పుట్టిందో ఊహించడం కష్టం కాదు. పట్టి తెచ్చిన ఊసరవెల్లి ఖౌఫ్‌తో రోజుల తరబడి ఏమీ తినదు. నోరు తెరుచుకుని, ఒళ్లు ఉబ్బించుకుని కూర్చుంటుంది. చూసేవాడికి గాలి మింగుతున్నట్టే ఉంటుంది. నిజానికి అది బెదిరించడం, ఒక్కోసారి వేడి తట్టుకోలేక రొప్పడం. చావు ముందు కనిపించే తకలీఫ్‌ని దాని తిండి అనుకున్నారు. ఆ మాట పదిహేను వందల ఏళ్లు నడిచింది. షేక్‌స్పియర్ హామ్లెట్ కూడా ఆ మాట వాడుకున్నాడు. రాయచోటి దాకా కూడా వచ్చిందంటే చూడండి. మా సీసా పక్కన నిలబడి చెప్పిన పెద్దవాళ్లు ప్లినీని చదివారా ఏమన్నానా?

ఆ మాటని పరీక్షకు పెట్టిన వాళ్లలో పారిస్ వాళ్లు ముఖ్యులు. క్లోద్ పెర్రో అనే హకీమ్, అక్కడి సైన్స్ అకాడమీ తరఫున ఊసరవెల్లిని పరిశీలించి 1669లో అచ్చేయించాడు. గాలి మీద బతుకుతుందన్న పాత కథని ఆ పరిశీలన నిలబడనివ్వలేదు. కానీ నాకు ఇష్టమైన కథ ఆయనది కాదు, మాదెలైన్ ద స్కుదెరీది. పెద్ద నవలలు రాసిన ఖాతూన్, ఇంట్లో శనివారాల మహఫిల్ నడిపిన మనిషి. 1672లో, అరవై దాటిన వయసులో, ఆమెకి మిస్ర్‌లోని అలెగ్జాండ్రియా నుంచి ఊసరవెల్లులు తోఫాగా వచ్చాయి. ఒకదానికి మెలియోన్ అని పేరు పెట్టింది. వాటిని రోజూ చూస్తూ, ఏం చేశాయో ఎలా ఉన్నాయో గుర్తు పెట్టుకుని రాసింది. అది 1688లో అచ్చయింది.

ఆమె దగ్గర థర్మామీటర్ లేదు, లాంపు లేదు, కితాబు లేదు. ఉన్నది గౌర్ చేసే అలవాటు. కోసి చూసే మగవాళ్ల జమానాలో ఒక ముసలి ఖాతూన్ ఊసరవెల్లిని మెహ్మాన్‌లా చూసుకుంది. పేరు పెట్టి పెంచిన ఊసరవెల్లుల తారీఖ్‌లో నాకు తెలిసినంతలో మొదటి మంచి పేజీ అదే. మిస్ర్ ఎండలో పుట్టిన ప్రాణం పారిస్ చలిలో బతకాలంటే, ఆ ఎండని ఇంట్లోకి ఎలా తేవాలి? ఈ సవాల్‌కి జవాబు దొరకడానికి ఇంకో మూడు వందల ఏళ్లు పట్టింది.

మధ్యలో గాజు వచ్చింది. 1829లో లండన్ డాక్టర్ నథానియల్ వార్డ్, మూసిన గాజు సీసాలో మొక్క తనంతట తాను బతకడం గమనించాడు. 1842లో దాని మీద కితాబు రాశాడు. దూరదేశాల మొక్కలు గాజు పెట్టెల్లో ఓడలెక్కి చెక్కుచెదరకుండా రావడం మొదలైంది. ఆ పెట్టెలు చూసి అమీరుల ఇళ్లల్లో గాజు అరల షౌఖ్ పుట్టింది. చేపలకి తొట్లు, పాములకి తొట్లు. 1849లో లండన్ జూలో పాములు, బల్లులు, మొసళ్ల కోసమే ఒక ఇల్లు తెరిచారు. దునియాలో అలాంటిది అదే మొదటిది. మనిషి చూడటానికి గాజంత సుఖం ఇంకోటి లేదు. లోపలున్న దాని సంగతి ఎవరు అడిగారు?

ఫెర్న్ మొక్కకి నప్పిన పెట్టె ఊసరవెల్లికి ఎందుకు నప్పదో కొంచెం ఆగి చెప్పాలి. మూసిన గాజులో గాలి కదలదు. తడి తడిగానే ఉండిపోతుంది, బూజు పడుతుంది, ఆ గాలి పీల్చి ఊపిరితిత్తులు పాడవుతాయి. పైన లాంపు పెడితే తొట్టి మొత్తం ఒకటే వేడి, చల్లబడదామంటే చోటుండదు. ఇక గాజులో దాని అక్స్ దానికే కనిపిస్తుంది. ఊసరవెల్లి ఒంటరి జాన్వర్. ఇంకో ఊసరవెల్లి కనిపిస్తే దుష్మన్ అనుకుంటుంది. ఆ దుష్మన్ పొద్దున్నుంచి రాత్రిదాకా ఎదురుగానే ఉంటే ఎలా తింటుంది, ఎలా నిద్రపోతుంది? హవా తిని బతికే జాన్వర్ అని అన్నవాళ్లే దానికి హవా లేని ఇల్లు కట్టారు.

ఇంకో జవాబు ఆస్పత్రి నుంచి వచ్చింది. 1919లో బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అనే పిల్లల డాక్టర్, ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోయిన పిల్లలకి పాదరసపు దీపం వెలుగు పట్టించి నయం చేశాడు. కంటికి కనిపించని ఆ కిరణాలే ఒంట్లో విటమిన్ డి తయారు చేస్తాయని, అది లేకపోతే కాల్షియం తిన్నా ఒంటపట్టదని తర్వాత తేలింది. పింజరాలో పెరిగే ఊసరవెల్లులకు వచ్చే పెద్ద రోగం ఇదే. దవడ మెత్తబడుతుంది, కాళ్లు వంగుతాయి, నాలుక విసరలేదు. ఇంకో మాట: మామూలు కిటికీ అద్దం ఈ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. నేను ధూప్ కోసమని కిటికీలో పెట్టిన సీసాలోకి వెళ్లింది వేడి ఒక్కటే. ధూప్ బయటే ఆగిపోయింది.

1927లో లండన్ జూ కొత్తగా ఇల్లు కట్టింది. దాన్ని రూపొందించింది జోన్ ప్రాక్టర్, అప్పటికి ముప్పై ఏళ్లు కూడా సరిగ్గా నిండని మనిషి. జబ్బుతో బాధపడుతూనే ఆ పని చేసి 1931లో చనిపోయింది. ఎక్కడ వేడి కావాలో అక్కడే కరెంటుతో వేడి పెట్టడం, జాన్వర్ ఉన్నచోట వెలుగు, చూసేవాళ్లు నిలబడేచోట చీకటి, ఇవి ఆ ఇంట్లో ఉన్నాయి. ఒకే గదిలో వేడి చోటూ చల్లని చోటూ రెండూ ఉండాలి, ఎక్కడ కూర్చోవాలో జాన్వర్ తేల్చుకోవాలి అన్న సోచ్ ఈనాటి ప్రతి మంచి పింజరాలోనూ ఉంది.

అయినా ఊసరవెల్లులు చస్తూనే ఉన్నాయి. రెండో జంగ్ తర్వాత విమానాలు పెరిగాయి. కెన్యా, టాంజానియా, మడగాస్కర్ అడవుల నుంచి పెట్టెల్లో వేసి యూరప్‌కి, అమెరికాకి పంపేవాళ్లు. దారిలో దాహం, ఒకదాన్నొకటి తొక్కుకోవడం, కడుపులో పురుగులు. కొన్నవాళ్ల చేతుల్లో ఎక్కువ కాలం నిలిచేవి కావు. "ఇది పెంచడానికి పనికొచ్చే జాన్వర్ కాదు" అనే మాట పుట్టింది. 1977లో వీటి వ్యాపారం అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ రెండో జాబితా కిందికి వచ్చింది. కాగితాలు లేకుండా సరిహద్దు దాటించకూడదు.

ఇక్కడే హవాయి వాకియా చెప్పాలి. 1972లో ఒవాహు దీవిలో ఒక పెంపుడు జంతువుల దుకాణదారు కెన్యా నుంచి మూడు కొమ్ముల జాక్సన్ ఊసరవెల్లులు తెప్పించాడు. చిక్కిపోయి, ఒళ్లెండిపోయి దిగాయి. కోలుకుంటాయని ఇంటి వెనక తోటలో వదిలాడు. అవి కోలుకోవడమే కాదు, తోట దాటి పిల్లలు పెట్టి, తర్వాత మనుషులు మోసుకుపోవడంతో వేరే దీవులకీ చేరాయి. ఇప్పుడక్కడ వాటిది పెద్ద ముసీబత్, హవాయిలో తప్ప ఎక్కడా లేని నత్తల్ని తినేస్తున్నాయి. అతను చేసింది గలత్, అందులో షక్ లేదు. కానీ పింజరాలు కట్టేవాళ్లకి అందులో సబక్ ఉంది. గాజు తొట్లలో హకీములు బతికించలేని ప్రాణాన్ని ఒక తోట ఏ ఇలాజూ లేకుండా బతికించింది. తోటలో ఏముంది? కదిలే గాలి, రాత్రి చల్లదనం, ఆకుల మీద వాన బొట్లు, నేరుగా పడే ఎండ, దాక్కోవడానికి గుబురు. మంచి పింజరా అంటే గోడలున్న తోట అని మెల్లమెల్లగా షౌఖీన్లకి అర్థమైంది. 1980ల నుంచి, ఇంకా ముఖ్యంగా 1990ల్లో, గాజు పోయి జాలీ పింజరాలు వచ్చాయి, ప్లాస్టిక్ ఆకుల బదులు బతికున్న మొక్కలు వచ్చాయి.

ఆ రోజుల్లోనే యెమన్ ఊసరవెల్లి పెంపకందార్ల చేతికొచ్చింది. నెత్తిన టోపీలా ఎత్తయిన ఎముక ఉండే జాతి. 1851లో ఫ్రాన్స్ వాళ్లు దానికి శాస్త్రీయ నామం పెట్టారు. ఇప్పుడు అమెరికా దుకాణాల్లో కొత్తవాళ్లకి ఇచ్చేది ఎక్కువగా ఇదే. అడవిలో పట్టినది కాదు, తరతరాలుగా పింజరాల్లో పుట్టినది. మా భాంజాకి వచ్చేదీ ఇదే.

యెమన్ అనగానే హైదరాబాద్ వాళ్లకి బార్కస్ యాదికొస్తుంది. నిజాం ఫౌజ్‌లో చేరడానికి హద్రమౌత్ నుంచి వచ్చిన చావుష్‌ల మొహల్లా. అయితే ఈ ఊసరవెల్లి హద్రమౌత్ ఎడారిది కాదు. దాని వతన్ యెమన్‌కి పడమటి వైపున్న ఎత్తయిన కొండలు, తాయిజ్, ఇబ్ వైపు ఇలాకా, పైన సౌదీలోని అసీర్ దాకా. యెమన్ అంటే ఇసుకే అనుకుని పింజరాని ఎండగట్టి పెట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ కొండల్లో మెట్టు పొలాలున్నాయి, వాగులున్నాయి, తుమ్మజాతి చెట్లున్నాయి. వసంతంలో ఓసారి, ఎండాకాలం చివర్లో ఓసారి వానలు. పగలు వెచ్చన, రాత్రి చల్లన, తెల్లవారుజామున మంచు. దానికి ఇల్లు కట్టడమంటే ఆ కొండవాలుని ఒక మూలకి తెచ్చి నిలబెట్టడం.

ఇదంతా చెప్పాకే భాంజాతో సామాను మాట మొదలుపెట్టాను. ఎదిగిన మగదానికి కనీసం 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు, 4 అడుగుల ఎత్తు. వెడల్పు కంటే ఎత్తు ముఖ్యం, అది చెట్టు మీద బతికేది. "పింజరాని నేల మీద పెట్టకు బేటా, బల్ల మీద పెట్టు" అన్నాను. దాని లెక్కలో పైనుంచి వచ్చేది గద్ద, కింద ఉండేది తిండి. మనిషి ముఖం దానికంటే పైన కనిపిస్తే రోజూ గద్దని చూసినట్టే.

"అబ్బా చూసిన గాజు తొట్టి అస్సలు వద్దా?" అని అడిగాడు. గాజు హరామ్ అని ఫత్వా ఇవ్వలేదు నేను. డాలస్ ఇంట్లో ఎండాకాలం ఏసీ, చలికాలం హీటర్. అన్ని వైపులా జాలీ పెడితే గంటలో తడంతా ఆరిపోతుంది. మూడు వైపులా గోడలున్నా ఫరవాలేదు, కింద గాలి లోపలికొచ్చే దారి, పైన మొత్తం జాలీ ఉంటే చాలు. లాంపు వేడికి గాలి పైకి పోతుంటే కింది నుంచి కొత్త గాలి వస్తుంది, మన పాత ఇళ్లల్లో పొయ్యి మీద పొగగూడులాగా. వాళ్లు చూసిన తొట్టి చిన్నది, పొట్టిది, గాలి దారి లేనిది. అది వద్దన్నాను.

లోపల బతికున్న మొక్కలు: ఫైకస్, మందార, మనీప్లాంట్. మందార మన ఇళ్లల్లో ఉన్నదే కదా, ఆకూ పువ్వూ కూడా అది తినొచ్చు. యెమన్ ఊసరవెల్లి పురుగులతో పాటు ఆకులూ కొరుకుతుంది కాబట్టి విషపు మొక్క ఏదీ ఉండకూడదు, మందు కొట్టిన మొక్కనైతే కడిగి, కొన్నాళ్లు బయట ఉంచి పెట్టాలి. కొమ్మలు సన్నం లావు కలిపి, అడ్డంగా, ఏటవాలుగా. మధ్యలో గుబురు. అది కనిపించడం లేదని మొక్కలు తీసేయొద్దు. దాక్కోగలిగిన ఊసరవెల్లే ధైర్యంగా బయటికొస్తుంది.

వెలుగు రెండు రకాలు. వేడికి ఒక బల్బు, పై కొమ్మ దగ్గర 29 డిగ్రీలో 30 డిగ్రీలో ఉండేలా. పిల్లదానికి ఇంకొంచెం తక్కువ. బల్బు జాలీ బయటే ఉండాలి, వీపు కాలేంత దగ్గర కొమ్మ ఉండకూడదు. ఇంకోటి హుల్డ్‌షిన్‌స్కీ దీపానికి మనవడులాంటిది, పొడవాటి యూవీబీ ట్యూబ్. పై కొమ్మకి జానెడు ఎత్తున. కంటికి వెలుగుతున్నట్టే ఉన్నా ఏడాదికల్లా ఆ కిరణాలు తగ్గిపోతాయి, మార్చాలి. పన్నెండు గంటలు వెలుగు, తర్వాత పూర్తి చీకటి. రాత్రి ఎర్ర బల్బు, నీలి బల్బు ఏదీ వద్దు. యెమన్ కొండల్లో రాత్రి ఎర్రగా ఉండదు. రాత్రి గది 18 డిగ్రీలకి దిగినా భయపడక్కర్లేదు, దానికి అదే ఆరాం.

నీళ్ల దగ్గర మా ఆపా ఆశ్చర్యపోయింది. "గిన్నె పెట్టకూడదా?" నిలవ నీళ్లని ఊసరవెల్లి సాధారణంగా నీళ్లుగా గుర్తించదు. ఆకు మీద బొట్టు మెరిస్తే, అది జారితే, అప్పుడు నాలుకతో అందుకుంటుంది. తెల్లవారుజామున లాంపు వెలగకముందు, మళ్లీ రాత్రి లాంపు ఆరాక, సన్నటి తుంపర కొట్టాలి. పగలు ఆకులు పూర్తిగా ఆరిపోవాలి. పగలంతా తడి, పైన వేడి, అదే మా గాజు సీసా. కింద నీళ్లు పోయే తట్ట ఒకటి తప్పనిసరి, లేకపోతే ఆపా కార్పెట్ సంగతి ఖుదాకే తెలియాలి.

తిండి కీచురాళ్లు, పట్టుపురుగులు, ఒక రకం బొద్దింకలు. ఆ పురుగులకి ముందురోజే ఆకుకూరలు పెట్టి కడుపు నింపాలి, పైన కాల్షియం పొడి అద్దాలి. ఇంట్లో బొద్దింకలు పెంచాలన్న మాటకి దుల్హేభాయ్ లేచి పక్క గదిలోకి వెళ్లిపోయాడు.

మొదటిసారి పెంచేవాడికి మగదే మేలు. మగ పిల్లదానికి పుట్టుకతోనే వెనక కాలి మడమ దగ్గర చిన్న ముల్లులాంటిది ఉంటుంది, చూసి తీసుకోవచ్చు. ఆడది జత కట్టకపోయినా గుడ్లు పెడుతుంది, తవ్వుకోవడానికి అడుగు లోతు తడి ఇసుక లేకపోతే గుడ్లు లోపలే నిలిచి చస్తుంది. ఇక తోడు కోసమని రెండు పెట్టడం, దయ చేస్తున్నామనుకుని చేసే జులుమ్.

రంగుల మాట కూడా అడిగాడు. ఎర్ర బట్ట మీద పెడితే ఎర్రబడుతుందా అని. కాదు. 2015లో జెనీవా శాస్త్రవేత్తలు మడగాస్కర్ జాతి ఒకదాని చర్మంలో అతి సన్నని స్ఫటికాలను చూశారు. అవి దగ్గరికి జరిగినప్పుడు ఒక రంగు, దూరం జరిగినప్పుడు ఇంకో రంగు వెనక్కి కొడతాయి. చలేస్తే నల్లబడి ఎండ పీల్చుకుంటుంది, దుష్మన్ కనిపిస్తే మెరుస్తుంది, తకలీఫ్ ఉంటే ముదురు మచ్చలు పడతాయి. వెనకున్న గోడకీ దానికీ సంబంధం లేదు. మనిషి ముఖంలా చదువుకోవాల్సిన కాగితం అది. నా సీసాలో అది నల్లబడిన రోజు, నేను "రంగు మార్చింది చూడు!" అని ఖుషీ అయ్యాను.

ఇక్కడున్న పిల్లల కోసం ఒక మాట స్పష్టంగా. మన దేశపు ఊసరవెల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉంది. పట్టడం, పెంచడం, అమ్మడం జుర్మ్. విదేశీ జాతి అయినా, ఆ చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత సైటీస్ జాబితాలో ఉన్న జాన్వర్ ఇంట్లో ఉంటే ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. ఎవరో వాట్సాప్‌లో ఫోటో పెట్టి అమ్ముతుంటే కొనొద్దు. వానాకాలం కంపచెట్ల దగ్గర ఓపిగ్గా నిలబడితే ఉచితంగా చూడొచ్చు. విషం కక్కుతుందని రాళ్లు వేసేవాళ్లు కనిపిస్తే ఆపండి, దానికి విషం లేదు.

"జాన్వర్‌ని కైద్ చేయడం గునా కాదా మామూ?" అని కూడా అడిగాడు భాంజా. నేను ఆలిమ్‌ని కాదు. నాకు తెలిసిన రెండు హదీసులు చెప్పాను. అబూ ఉమైర్ అనే చిన్నపిల్లవాడి దగ్గర ఒక చిన్న పిట్ట ఉండేది, రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ఆ పిల్లవాణ్ని చూసినప్పుడు ప్రేమగా పిట్ట సంగతి అడిగేవారు. పెంచుకోవద్దని అనలేదు. ఇంకోటి పిల్లిని కట్టేసిన ఔరత్‌ది. తాను తిండి పెట్టలేదు, నేల మీది పురుగూ పుట్రా తినడానికైనా వదల్లేదు, దాని వల్ల అజాబ్ పాలైంది. రెండింటి మధ్య తేడా ఎక్కడుందో వాణ్నే ఆలోచించుకోమన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ముందు ఇల్లు, తర్వాతే అది" అన్నాడు.

మొన్న జుమా రోజు ఫోటో పంపాడు. నాలుగడుగుల పింజరా, లోపల మందార, ఫైకస్, మూడు కొమ్మలు, మూడు చోట్ల మూడు థర్మామీటర్లు. ఊసరవెల్లి లేదు. రెండు వారాలు ఖాళీ పింజరానే నడుపుతాడంట. కింద ఒక కాగితం మీద వాడి చేతిరాత: పై కొమ్మ 30, మధ్య 25, కింద 22. ఉదయం 6కి తుంపర, ఆకులు ఆరింది 8:40కి. దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంది. "ఇంకొంచెం ముందే ఆరాలా మామూ?" అని అడుగుతున్నాడు.